నీలం చొక్కాల కోసం పెంచిన గడ్డం

ఆ రోజుల్లో నాకు తల నిండా జుట్టుండేది, గుండె నిండా విశ్వాసముండేది. విశ్వాసం దేవుడి దయవల్ల ఇంకా ఉంది. జుట్టు సంగతి చివర్లో చెబుతాను. వయసు పెరిగేకొద్దీ నేను చాలా విషయాల్లో శాంతపడ్డాను. ఇఖామా, అంటే నివాస అనుమతి, కాగితాల కోసం నన్ను ఎండలో నిలబెట్టినవాళ్ళను క్షమించాను. నేను వండుకున్న చేపల పులుసు తినేసి గిన్నె కూడా కడగని గది స్నేహితులను క్షమించాను. కానీ అమెరికాలో ఒక ఫుట్‌బాల్ జట్టు ఉంది, దాన్ని మాత్రం ఇవాళ్టికీ క్షమించలేకపోతున్నాను. (జట్టు పేరు రాయను. రాస్తే వాళ్ళకు ప్రచారం ఇచ్చినట్టవుతుంది, ఆ మాత్రం కూడా వాళ్ళకు దక్కకూడదు. నీలం చొక్కాలు వేసుకుంటారు, అది చాలు.) కువైట్‌లో మా ఆరాధన శుక్రవారం జరుగుతుంది కాబట్టి ఆదివారం నాడు నాకు వేరే పని లేదు, ఆ జట్టు మీద కోపగించుకోవడం తప్ప.

కోనసీమ కుర్రాడికి అమెరికా ఆట ఎలా అంటుకుందని మీరు అడగవచ్చు. దానికి కారణం మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. ఆయన్ని అందరం బాబా అనేవాళ్ళం. అల్ రాయ్‌లో కారు విడిభాగాల దుకాణం, జాబ్రియాలో ఇల్లు. నేను ఆయన కారు నడిపేవాణ్ణి. బాబా కుర్రతనంలో ఆ నీలం చొక్కాల ఊళ్ళోనే చదువుకున్నాడు. చదువు సగం మర్చిపోయాడు గానీ జట్టును వెంట తెచ్చుకున్నాడు. ఆదివారం సాయంత్రం తన దివానియాలో, అంటే మగవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే పెద్ద గదిలో, గోడంత టీవీ పెట్టుకుని ఒంటరిగా కూర్చునేవాడు. కొడుకులెవరికీ ఆ ఆట గిట్టదు. ఒకరోజు నేను టీ పెట్టి వెళ్ళిపోతుంటే, "ఇజ్లిస్, కూర్చో. ఒక్కణ్ణే ఏడవలేకపోతున్నాను" అన్నాడు. కూర్చున్నాను. అంతే, ఆ సోఫాలోంచి నేను ఇంతవరకూ లేవలేదన్నట్టే లెక్క.

ఆట తెలియనివాళ్ళకు ఒక్క ముక్కలో చెబుతాను. పేరుకు ఫుట్‌బాల్ గానీ బంతిని చేత్తో పట్టుకుని పరిగెడతారు. పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలు ఇస్తారు. మూడింటిలో పని కాకపోతే నాలుగోసారి ధైర్యముంటే ముందుకు దూకవచ్చు, లేకపోతే బంతిని కాలితో తన్ని చేతులు దులుపుకోవచ్చు. మా జట్టు కోచ్ ఎప్పుడూ తన్నించేవాడు. మిగిలింది అరగజమైనా తన్నించేవాడు. ఆధిక్యంలో ఉంటే దాన్ని కాపాడుకోవడానికి తన్నించేవాడు, వెనకబడితే పరువు కాపాడుకోవడానికి తన్నించేవాడు. దేవుడిస్తానన్న వాగ్దాన దేశం కళ్ళెదుట పెట్టుకుని, అక్కడి మనుషులు పొడుగ్గా ఉన్నారని భయపడి వెనక్కి తిరిగొచ్చిన వేగులవాళ్ళ గురించి ఆదివారపు బడిలో చెప్పుకున్నాం కదా, ఆ కోచ్ వాళ్ళ వంశస్థుడని నా అనుమానం. యజమాని సంగతి చెప్పనే అక్కర్లేదు. మంచి ఆటగాడు ఎవరైనా కాస్త రాటుదేలగానే వాణ్ణి ఇంకో జట్టుకు ఇచ్చేసేవాడు. వాడు అక్కడికి వెళ్ళి మా మీదే గెలిచేవాడు.

అలాంటి జట్టు ఒక సీజన్ మొదటి ఆటలో చివరి నిమిషందాకా ముందుండి, ఎప్పటిలాగే భయపడి ఓడిపోయింది. బాబా టీ తాగకుండా లేచి వెళ్ళిపోయాడు. నాకు కడుపు మండిపోయింది. ఆ మంట శుక్రవారం దాకా చల్లారలేదు. సంఘంలో సాక్ష్యాల సమయం వచ్చింది. ఎవరో జ్వరం తగ్గిందన్నారు, ఎవరో సెలవు దొరికిందన్నారు. నేను లేచి నిలబడి, ఆ జట్టు గెలిచేదాకా నా తల మీదా గడ్డం మీదా కత్తి పడనివ్వనని దేవుని సన్నిధిలో మొక్కుకున్నాను. (మొక్కు తీరేదాకా జుట్టు కత్తిరించకూడదనే నాజీరు మొక్కుబడి గురించి అప్పుడే ఒక ఉపవాస కూడికలో విన్నాను. కుర్రాడికి కొత్త వాక్యం దొరికితే కొత్త చొక్కా దొరికినట్టే, వెంటనే వేసుకుని బయటికి పోవాలి.)

పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఎవరు బాబూ వీళ్ళు?"

"అమెరికాలో ఒక జట్టండి."

"విశ్వాసులేనా?"

"ఆటకు ముందు కొందరు మోకరిస్తారండి. ఆట మొదలయ్యాక మాత్రం విశ్వాసం కనబడదండి."

ఆయన చేతిలో బైబిలు మూసి, "సర్లే, వారం పది రోజుల పనేగా" అన్నారు. సంఘమంతా ఆమేన్ అంది. పాపం, వాళ్ళకు ఆ జట్టు గురించి తెలియదు.

జట్టు ఓడింది. మళ్ళీ ఓడింది. ఎండలు తగ్గి చలిగాలి మొదలైంది, జట్టు ఓడుతూనే ఉంది. నా జుట్టు చెవులు దాటి భుజాల మీదకు వచ్చింది, గడ్డం ఛాతీ మీద పరుచుకుంది. బస్సులో జనం లేచి నాకు సీటిచ్చేవారు. నా గది స్నేహితుడు రాయచోటి భాయ్, అల్ రాయ్ వర్క్‌షాపులో పెయింటరు, రోజూ పొద్దున నన్ను చూసి తల కొట్టుకునేవాడు.

"ఏం న్నా, పుట్టినప్పట్నుంచీ పెంచుతాండా, నాకు పిడికెడు రాలేదు గడ్డం. నీకు చూడు, పొలం మాదిరి వచ్చింది. నిన్న మన వీధిలో ఒగాయన నిన్ను పెద్దాయన అనుకోని సలాం చెప్పె. నువ్వు కూడా తలూపి పోతివి."

"మర్యాదకి ఊపేను."

"ఊపుకో. ఆ నీలం చొక్కాలోళ్ళు గెలిచేలోపల నువ్వు నిజంగానే పెద్దాయనవైపోతావులే."

బాబా కూడా ఒకసారి కారులో అద్దంలోంచి నన్ను చూసి, "ఖలాస్, తీసేయ్ అది. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, వీళ్ళు గెలవరు" అన్నాడు. "దేవుడికి మాటిచ్చాను బాబా" అన్నాను. దేవుడికిచ్చిన మాటంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. దిగేటప్పుడు మాత్రం, "దేవుడికి వేరే ఏదైనా ఇవ్వాల్సింది" అని గొణుక్కుంటూ వెళ్ళాడు.

సరిగ్గా ఆ సమయంలోనే పాస్టరమ్మగారు నాకో సంబంధం తెచ్చారు. అమ్మాయిది రాజోలు వైపు, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. సంఘంలో ఎదురు బల్లల మీద కూర్చునేది. ఆడవాళ్ళ వైపు నుంచి ఆమె పాట వినిపిస్తే నేను నా పాట ఆపేసేవాణ్ణి. ఆ సంబంధం కుదరాలని నేను ఎంత ప్రార్థించానో దేవుడికి తెలుసు. (జట్టు కోసం చేసిన ప్రార్థనల కంటే ఎక్కువే. ఇప్పుడు ఇంట్లో చదువుతారు కాబట్టి ఆ సంగతి స్పష్టంగా రాస్తున్నాను.) ఆమెకు అన్నయ్య ఒకాయన ఉన్నాడు, మిర్కాబ్‌లో ఆఫీసు ఉద్యోగం, వేరే సంఘానికి వెళ్తాడు, ఇస్త్రీ మడత నలగని మనిషి. ఆయనకు ఊళ్ళో తీయించుకున్న నా పాత ఫొటో చూపించారు, నున్నటి మొహంతో ఉన్నది. క్రిస్మస్‌కు ముందు ఒక శుక్రవారం ఆరాధన అయ్యాక మాట్లాడుకుందామన్నారు. "ఏవయ్యా, ఈలోగా ఆ అమెరికా వాళ్ళను ఒక్కసారి గెలవమను" అన్నారు పాస్టరమ్మగారు. నేను గెలవమంటే గెలిచే జట్టయితే నాకీ గతి ఎందుకు?

ఆ శుక్రవారానికి ముందు ఆదివారం ఆట ఒక్కటే మిగిలింది. ఆ రోజు మావాళ్ళు ఎందుకో మనుషుల్లా ఆడారు. సమానంగా ముగిసి అదనపు సమయంలోకి వెళ్ళింది. అవతలివాళ్ళు మూడు పాయింట్లు చేశారు. మావాళ్ళు పరిగెత్తి పరిగెత్తి గీత దగ్గరకు వచ్చేశారు. నాలుగో అవకాశం. మిగిలింది ఒక్క గజం. దాటితే ఆరు పాయింట్లు, అంటే గెలుపు, గెలిస్తే నాకు గడ్డం పోతుంది, గడ్డం పోతే అమ్మాయి దొరుకుతుంది. బాబా చేతిలో జపమాల ఆగిపోయింది. నేను సోఫా దిగి నేల మీద మోకరించాను.

ఆ కోచ్ తన్నించాడు. బంతి కొయ్యల మధ్యనుంచి పోయి మూడు పాయింట్లు వచ్చాయి, లెక్క మళ్ళీ సమానమైంది, కాసేపటికి సమయం అయిపోయింది. ఆ ఆటలో ఏడాదికొకసారి కూడా జరగని వింత, ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. మైదానంలో మా కోచ్ నవ్వుతూ చేతులు కలుపుతున్నాడు. ఆ నవ్వు నేను చచ్చిపోయేదాకా మర్చిపోను.

మర్నాడే పాస్టరుగారికి ఫోన్ చేశాను. సంఘ పెద్దలతో కూడా మాట్లాడి సాయంత్రం చెబుతానన్నారు. సాయంత్రం ఆయన గొంతులో జాలి వినిపించింది. "బాబూ, నువ్వు మొక్కుకున్నప్పుడు గెలిస్తే అన్నావా, ఓడకపోతే అన్నావా?"

"గెలిస్తే అన్నానండి."

"అయితే మరి మేం చెయ్యగలిగిందేం లేదయ్యా."

శుక్రవారం ఆరాధన అయ్యాక హాలు పక్కగదిలో కూర్చున్నాం. మధ్యలో బల్ల, దాని మీద ఖర్జూరాలు, బిస్కెట్లు, టీ కప్పులు. అన్నయ్యగారు నన్ను చూశారు, తర్వాత పాస్టరమ్మగారిని చూశారు.

"ఫొటోలో వేరే మనిషి ఉన్నాడే."

"అదే మనిషండీ, పైన కాస్త పెరిగింది" అన్నారావిడ.

"ఇది ఎప్పుడు తీస్తారు?"

"జట్టు గెలిచిన రోజునండి" అన్నాను.

"ఎప్పుడు గెలుస్తుంది?"

త్వరలోనే అని చెప్పమన్నట్టు పాస్టరమ్మగారు కళ్ళతో సైగ చేశారు. దేవుని మందిరం పక్కగదిలో అబద్ధం ఎలా చెప్పను? "ఆ కోచ్ ఉండగా గెలవదండి" అన్నాను. అన్నయ్యగారు కప్పు కింద పెట్టేశారు, లేవబోతున్నట్టు. సంబంధం అక్కడే ముగిసిందనుకున్నాను. అప్పుడు ఆ అమ్మాయి మొదటిసారి తలెత్తి, "ఏం, ఎందుకని?" అంది.

అంతవరకూ ఆ మాట నన్ను అడిగినవాళ్ళు ఎవరూ లేరు. ఎక్కడున్నానో, ఎందుకొచ్చానో మర్చిపోయాను. బల్ల మీద ఖర్జూరాలను మావాళ్ళుగా, బిస్కెట్లను అవతలివాళ్ళుగా నిలబెట్టాను. చెంచాను గీతగా పెట్టాను. అన్నయ్యగారి చేతి దగ్గరున్న కప్పును, ఆయన్ని అడక్కుండానే తీసి, కోచ్‌ను చేశాను. మొత్తం చెప్పాను, మోకరించింది కూడా చెప్పాను. అమ్మాయి బల్ల మీదకు వంగి చూసింది.

"మనోళ్ళు ఇక్కడున్నారు, గీత ఇక్కడుంది. మధ్యలో ఖర్జూరం పట్టేంత లేదు. మరి ఎందుకు తన్నించేడండీ?"

"అదేనండి నేనూ అడిగేది."

"భయమా?"

"భయమేనండి."

"ఇంతదాకా వచ్చి భయమేటండీ. పోతే పోయింది, దూకితే తెలిసేది కదా." ఆమె మొహం ఎర్రబడింది. ఆ కప్పును వేలితో ఒక్క తోపు తోసింది. "ఈయన్ని ఎవరూ ఏం అనరా?"

"అమ్మాయ్" అన్నాడు అన్నయ్య.

"నువ్వుండన్నయ్యా. నువ్వే చూసి చెప్పు. వెళ్ళొచ్చా, లేదా?"

ఇస్త్రీ చొక్కా ఆయన బల్ల వైపు చాలాసేపు చూశారు. ఒక బిస్కెట్టును కొంచెం జరిపి మళ్ళీ చూశారు. చివరికి, "వెళ్ళొచ్చు" అన్నారు.

ప్రదానం, అంటే నిశ్చితార్థం, జనవరిలో అనుకున్నారు. అప్పటికి మొహం కనబడాలన్నది అన్నయ్యగారి ఒకే ఒక్క షరతు. ఇక్కడ మా జట్టు చేసిన చివరి ద్రోహం చెప్పాలి. ఆ ఆటలో అందరికంటే కడపట నిలిచిన జట్టుకు, వచ్చే ఏటి కొత్త ఆటగాళ్ళలో మొదటివాణ్ణి ఎంచుకునే హక్కు ఇస్తారు. (ఆ ఒక్క నియమం చేసినవాడెవడో, కడపటివారు మొదటివారవుతారన్న వాక్యం తెలిసినవాడే.) సీజన్ చివరి ఆట ఓడిపోతే ఆ హక్కు మాదే. ఏడాదంతా ఓడినవాళ్ళు ఆ ఒక్క ఆట గెలిచారు. నాలుగో అవకాశం, ఒక్క గజం, ఆ కోచ్ ఆ రోజే ధైర్యం తెచ్చుకున్నాడు. బాబా టీవీ మీదకు దిండు విసిరాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక మొహం కడుక్కోవడానికి వెళ్ళాను.

భాయే కత్తి పట్టి గడ్డం గీశాడు. "ఇంత చిన్న మొహమా న్నా నీది? ఇన్నాళ్ళూ నేను ఎవురికి భయపడితి?" అన్నాడు. ప్రదానం రోజున ఆమె నన్ను ఒకసారి చూసి, "గడ్డమే నయం" అని నెమ్మదిగా అంది. గడ్డం తీయించడమొక్కటే జట్టు చేసిన మేలనుకుంటే దాన్నీ ఆమె తీసిపారేసింది.

ఇప్పుడు బాబా ముసలివాడయ్యాడు, ప్రతి ఓటమి తర్వాతా ఫోన్ చేసి "షుఫ్త్?" అంటాడు, చూశావా అని. చూశామని మా ఆవిడే జవాబిస్తుంది. కోచ్‌లు మారారు, తన్నించడం మారలేదు. ఆట మధ్యలో నేను లేచి పళ్ళు కొరుకుతుంటే ఆవిడ నా నున్నటి తల వైపు చూసి, "మళ్ళీ మొక్కుకుంటారేమో, ఇవ్వడానికి మీ దగ్గర ఏం మిగిలిందని" అంటుంది.

మా హాల్లో ఆ ఏటి సంఘం క్రిస్మస్ ఫొటో ఉంది. ఆ గడ్డం తాతయ్య ఎవరని పిల్లలు అడుగుతారు. మగవాళ్ళ వరస అయిపోయే చోట వాడు నిలబడి ఉన్నాడు, భుజాల దాకా జుట్టుతో, ఎవరి మీదో కోపంగా. ఆడవాళ్ళ వరస మొదలయ్యే చోట ఆవిడ ఉంది. ఇద్దరి మధ్యా ఖాళీ చూస్తే గజం కంటే ఎక్కువ ఉండదు. ఆ కుర్రాణ్ణి చూస్తే నాకు నవ్వొస్తుంది. లోకంలో అన్ని గజాల మీదా కోపం తెచ్చుకున్నాడు గానీ, దాటాల్సిన గజం దగ్గర మాత్రం వాడు తన్నించలేదు.