కంట్లో కండకు ఒకటా, రెండా

అరవైల మొదట్లో నెల్లూరులో ఒక కంటి ఆసుపత్రిలో కేసు షీట్లు రాసే ఉద్యోగం నాది. నా రాత ముత్యాలకోవ అనేవాళ్ళు. ఎవరూ అనకపోతే నేనే అనేదాన్ని. డాక్టర్ల రాత చూస్తే కోడి కెలికినట్టుండేది, దాన్ని చదివి మనుషులకు అర్థమయ్యేట్టు రాసేది నేనే. "నీ నోటికీ నీ రాతకీ మధ్య ఆ ఆసుపత్రి నలిగిపోతుందే" అని మా నాయన నవ్వేవాడు. ఏం నలగలేదు. నేనున్నన్నాళ్ళూ అక్కడ ఒక్క కాగితం పోలేదు.

సముద్రం పక్క ఊళ్ళ నుంచి మా దగ్గరికి ఎక్కువగా వచ్చే జబ్బు కంట్లో కండ. తెల్లగుడ్డు మీద ముక్కు వైపు నుంచి పలచగా మొలిచి, మెల్లగా నల్లగుడ్డు మీదికి పాకుతుంది. ఎండా, ఉప్పుగాలీ, ఇసుకా కలిసి చేసే పని అది. కనుపాపను కప్పేసిందంటే చూపు పోయినట్టే. కోస్తే పోతుంది గానీ, కొందరికి మళ్ళీ పెరుగుతుంది. ఆ రెండోది మహా మొండిది, మామూలుగా కోస్తే ఇంకా రెచ్చిపోతుంది. అందుకని మా డాక్టరుగారు ఒక పద్ధతి పెట్టినాడు. కొత్త కండైతే షీటు మీద ఒకటి వెయ్యాలి, మళ్ళీ పెరిగిందైతే రెండు. ఒకటి పడితే మా దగ్గరే కోత. రెండు పడితే మద్రాసు పంపాలి, అక్కడ కోసిన చోట కిరణాలు పెడతారు. ఆ అంకె వేసేది నేను.

ఒక ఎండాకాలం మైపాడు వైపు నుంచి ఒక పెద్దాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చినాడు. ఒడ్డున నిలబడి, నీళ్ళ రంగు చూసి, చేపల గుంపు ఎక్కడుందో చెప్పే మనిషంట. ఆయన చెయ్యి చూపించిన దిక్కుకే పడవ పోయేది, వల పడేది. ఎడమ కన్ను చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయింది. మిగిలింది కుడికన్ను ఒక్కటే. కండ దాని పాప అంచుదాకా వచ్చేసింది.

"ఈ కంటికి ఇంతకుముందు ఆపరేషన్ అయిందా?" అని అడిగినాను.

"లేదమ్మా."

"వేరే ఆసుపత్రిలో ఎక్కడైనా?"

"ఆసుపత్రి గడప తొక్కడం ఇదే మొదలు తల్లీ."

భార్య కూడా అవునన్నట్టు తల ఊపింది. నేను ఒకటి వేసినాను. చక్కగా, నిటారుగా వేసినాను.

మర్నాడు పొద్దున ఆయన్ని లోపలికి తీసుకుపోయినారు. నేను జాబితా పట్టుకుని వరండాలో పోతుంటే ఆయన భార్య లేచి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఈ తూరన్నా మళ్ళా రాకుండా చేస్తారా?"

"మళ్ళా ఏంది? మొదటిసారే గదా?"

"కొయ్యడం మొదటిసారే. కడిగించింది రెండు తూర్లు."

"కడిగించడమంటే?"

అప్పుడు చెప్పింది. వాళ్ళ ఊళ్ళో ఒక ముసలమ్మ ఉంది. రెప్ప తిరగేసి, గరుకు ఆకుతో ఆ కండను గీకేస్తుంది. రక్తం వచ్చినాక బాలింత చనుబాలు పిండుతుంది. కంట్లో కండ వచ్చిన ప్రతివాడూ ముందు ఆమె దగ్గరికే పోతాడు. దాన్ని వాళ్ళు కన్ను కడిగించుకోవడం అంటారు. తలంటి పోసుకోవడం ఎంతో, వాళ్ళకు అదీ అంతే. ఆపరేషన్ అయిందా అంటే లేదనే చెప్తారు. అందులో అబద్ధమేముంది?

"ఆ మాట నిన్ననే ఎందుకు చెప్పలేదు?" అని కసిరినాను.

"నువ్వు అడగలేదు గదమ్మా" అంది, బెదిరిపోయి.

అంటే ఇది గీకినాక మళ్ళీ పెరిగిన కండ, రెండు వెయ్యాల్సింది. పరిగెత్తినాను. ఆపరేషన్ గది తలుపు దగ్గర మాత్రం ఆగినాను. దాచడమెందుకు, ఆగినాను. లోపల నర్సులున్నారు, అందరిముందూ తప్పు ఒప్పుకోవాలి. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఇన్నాళ్ళూ వాదించినదాన్ని. ఆకుతో గీకితే ఏమవుతుందిలే అని కూడా అనిపించింది. ఛీ, నా బతుకు! ఆ మనిషికున్నది ఒక్క కన్ను. చెప్పులు అక్కడే విడిచి తలుపు తోసినాను.

మత్తు చుక్కలు వేసేసినారు. డాక్టరుగారి చేతిలో కత్తి ఉంది.

"ఆగండి సార్! అది ఒకటి కాదు, రెండు. నేనే తప్పు రాసినాను." ఆమె చెప్పిందంతా ఒక్క గుక్కలో చెప్పేసినాను.

ఆయన కత్తి పళ్ళెంలో పెట్టి, నా వైపు తిరిగినాడు.

"నిన్న టార్చి వేసి చూసినప్పుడే అక్కడ పాత మచ్చలాగా ఉందే అనుకున్నాను. షీటు చూస్తే ఒకటి ఉంది. రాసింది నువ్వు. నువ్వు రాస్తే తప్పుండదులే అని నా అనుమానం పక్కన పెట్టినాను."

తిట్టినా బాగుండేది. తిట్టుకైతే నా దగ్గర ఎప్పుడూ జవాబుండేది.

బల్లమీద పెద్దాయన కదలకుండా పడుకుని, "ఏందయ్యా, అయిపోయిందా? నొప్పే తెలీలేదే!" అన్నాడు. నర్సులు నవ్వినారు. నాకు నవ్వు రాలేదు.

మద్రాసుకు పంపే కాగితం నేనే రాసినాను, ఆకుతోనూ చనుబాలతోనూ సహా. డాక్టరుగారు చదివి, ఒక్క మాట కొట్టెయ్యకుండా సంతకం పెట్టినాడు. ఆ రోజు నుంచి నా ప్రశ్న మారింది. "ఈ కంట్లో ఎవరన్నా, ఎప్పుడన్నా, ఏమన్నా చేసినారా?" అని అడిగేదాన్ని. అమ్మో, ఎన్ని బయటపడినాయో! ఒకడికి పసరు పోసినారు, ఒకామెకు కోడి ఈకతో తుడిచినారు, ఇంకొకాయన తానే గోటితో గిల్లుకున్నాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగేదేదో వాళ్ళకు తెలిసిన మాటల్లో అడగాలని నాకు అప్పటికి తెలిసింది. ఆ తర్వాత నా అంకెలో తప్పు పట్టిన డాక్టరు లేడు, ఈ మాట ఇప్పటికీ గట్టిగానే చెప్తాను.

అయితే మద్రాసులో ఆయనకు ఏమైందో మాకు తెలీదు. ఉత్తరం లేదు, కబురు లేదు. కండ కప్పేసిందేమో, ఇంట్లో గోడ పట్టుకుని తిరుగుతున్నాడేమో అనుకుంటే అన్నం సహించేది కాదు.

వానాకాలం వచ్చినాక ఒకరోజు తలెత్తి చూస్తే వాకిట్లో ఆయన నిలబడి ఉన్నాడు. పక్కన భార్య. నేను కుర్చీలోనుంచి లేచినాను.

"పెద్దాయనా, కనిపిస్తుందా?" అని అక్కడినుంచే అడిగినాను.

ఆయన లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడి, కన్ను చిట్లించి, నన్ను నింపాదిగా చూసినాడు.

"నీ చెంప మీద సిరా అంటిందమ్మా" అన్నాడు. "చిన్న చుక్కే. చెవి కింద."

తుడుచుకుని చూసుకుంటే వేలికి నీలం అంటింది. అంతే, రోగులందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చినాను.