పాటే జరిమానా

మా పాత సినిమా పాటల గ్రూపుకి నేనే అడ్మిన్ని. తెనాలిలో నాకో ఫోటో స్టూడియో ఉంది. ఈ రోజుల్లో అందరి చేతుల్లోనూ కెమెరాలే కాబట్టి, పాస్‌పోర్టు సైజు కోసం వచ్చే నలుగురూ వెళ్ళిపోయాక మిగిలిన పొద్దంతా ఆ గ్రూపుతోనే గడుస్తుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్ళం కలిపి ఓ వంద మందిమి. సగం మందిని నేనెప్పుడూ చూడలేదు. అయినా ఆ గ్రూపంటే నాకు ప్రాణం.

నేను పెట్టిన నియమం ఒక్కటే. రాజకీయాలు మాట్లాడకూడదు. మాట్లాడితే జరిమానా, అంటే ఒక పల్లవి పాడి వాయిస్ మెసేజ్ పెట్టాలి. ఎన్నికలప్పుడు ఇద్దరు పెద్దమనుషులు ఓ చక్కటి యుగళగీతం కింద పార్టీల పేరు చెప్పి తిట్టుకుంటుంటే ఒళ్ళు మండి పెట్టానది. ఇంత తెలివైన ఆలోచన ఎవరికొస్తుందని చాన్నాళ్ళు మురిసిపోయాను.

బాపట్ల మాస్టారు దాన్ని మొదటి వారంలోనే భ్రష్టు పట్టించారు. ఆయన రిటైరైన లెక్చరరు. పాడాలని మహా సరదా, ఇంట్లో వినేవాళ్ళు లేరు. పొద్దున్నే "ఈ ప్రభుత్వం ఉందే..." అని ఓ ముక్క రాసి పడేస్తారు. "జరిమానా మాస్టారూ" అంటాను. "తప్పుతుందా మరి" అంటూ పల్లవితో సరిపెట్టకుండా రెండు చరణాలూ లాగించేస్తారు. ఏ పార్టీ గెలిచినా ఆయన పాటలకి లోటు లేదు.

రేపల్లె అక్కయ్యకి ఇలాంటి వంకలు అక్కర్లేదు. ఆవిడ జాకెట్లు కుడుతుంది. ఎవరూ అడక్కుండానే రోజుకో పాట పాడి పెట్టేది, వెనక కుట్టుమిషను చప్పుడుతో సహా. ఆ పాట విన్నాకే నేను షట్టరు ఎత్తేవాణ్ణి.

మొన్న వేసవిలో ఒక పొద్దున నేను పాత సినిమాలోని ఓ వాన పాట పెట్టాను. అక్కయ్య కింద రాసింది: "పాట బాగుంది తమ్ముడూ. మా పంపులో మాత్రం నీళ్ళొచ్చి నాలుగు రోజులైంది. కాలవకి చివరి ఊరు మాది, నీళ్ళు మాదాకా రావు కదండీ. ఓట్లప్పుడు వచ్చినవాళ్ళు ఏమయ్యారో ఏంటో."

ఓట్లన్న మాట చూడగానే నాలో అడ్మిన్ లేచి కూర్చున్నాడు. ముందురోజే మాస్టారి చేత పాడించాను, అందరికీ ఒకటే న్యాయం అనుకున్నాను. "అక్కయ్యా, రాజకీయం! జరిమానా పాట కానివ్వండి" అని రాసి నవ్వే బొమ్మ కూడా పెట్టాను.

మధ్యాహ్నానికి గానీ జవాబు రాలేదు. "మంచినీళ్ళు రావట్లేదంటే రాజకీయమా తమ్ముడూ? పాటంటే నాకు ఇష్టమండి. దాన్ని జరిమానాగా కట్టలేను." దాని కిందే, ఆవిడ గ్రూపులోంచి వెళ్ళిపోయినట్టు చిన్న అక్షరాల్లో పడింది.

నాకు కోపమొచ్చింది. ఒక్క పల్లవికి ఇంత పట్టింపా అని భోజనం దగ్గర చిందులు తొక్కాను. మా ఆవిడ పెరుగు వడ్డిస్తూ, "మరి మన మురుక్కాలవ పొంగినప్పుడు మీరేం పాడారు?" అంది.

గుర్తు లేదన్నాను. నిజానికి గుర్తుంది. స్టూడియోకి వెళ్ళి గ్రూపులో పాతవన్నీ వెతికితే దొరికింది, నియమం పెట్టాక నేను రాసిందే. స్టూడియో గుమ్మం ముందు మురుగునీళ్ళ ఫోటో, కింద మునిసిపాలిటీని నేను కడిగి ఆరేసిన పది లైన్లు. ఓట్లన్న మాట అందులో రెండుసార్లు ఉంది. నన్నెవరూ పాట అడగలేదు, నేనూ పాడలేదు. మొట్టమొదటి జవాబు రేపల్లె అక్కయ్యదే: "అయ్యో తమ్ముడూ, కెమెరాలు జాగ్రత్త. ఈ ఫోటో జతచేసి అర్జీ పెట్టండి." నా గుమ్మంలో మురుగైతే కష్టం, ఆవిడ పంపు ఎండిపోతే రాజకీయం. నా మీద నాకే సిగ్గేసింది.

వారం రోజులు గ్రూపు బోసిపోయింది. మాస్టారు కూడా ప్రభుత్వం జోలికి పోవడం మానేశారు. ఒంట్లో బాగుందా అని ఫోన్ చేస్తే, "ఆవిడ వినకపోతే పాడబుద్ధి కావట్లేదయ్యా. నీ వల్ల వెళ్ళింది, నువ్వే తీసుకురా" అన్నారు.

ఆదివారం రేపల్లె రైలెక్కాను. ఫోన్‌లో సారీ చెప్పి చేతులు దులుపుకోవడం నాకే నచ్చలేదు. పాటలు పాడే టైలరమ్మ అంటే స్టేషను దగ్గరే కొట్టు చూపించారు. తీరా చూస్తే ఆవిడ నాకన్నా పదేళ్ళు చిన్న. నేనెవరో చెప్పగానే నా తెల్లజుట్టు చూసి, "మిమ్మల్నా నేను తమ్ముడూ అంటున్నాను!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గుమ్మం పక్కన నాలుగు ఖాళీ బిందెలు వరసగా ఉన్నాయి. క్యానులోంచి గ్లాసెడు నీళ్ళు వంచి ఇచ్చింది. కొనుక్కున్న నీళ్ళు. ఆ గ్లాసు పట్టుకుని, "తప్పు నాదండి. మా మురుక్కాలవ పొంగినప్పుడు నేను పాడలేదు" అన్నాను.

"నేనూ అడగలేదుగా. మీ కష్టం అనుకున్నానండి" అంది.

తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు. "అందుకే ఇప్పుడు పాడటానికి వచ్చాను" అన్నాను.

గ్రూపు పెట్టిన ఇన్నేళ్ళలో నేను పాడటానికి నోరు విప్పింది లేదు. నా గొంతు సంగతి మా ఆవిడొక్కదానికే తెలుసు. ఫోన్ తీసి, గ్రూపులో వాయిస్ మెసేజ్ బటన్ నొక్కి పట్టుకుని, "ఇది మా మురుక్కాలవ తాలూకు జరిమానా" అని చెప్పి, ఆ వాన పాటే ఎత్తుకున్నాను. రెండో లైనులోనే దారి తప్పాను. అక్కయ్యకి నవ్వాగలేదు. నవ్వుతూనే నేను వదిలేసిన చోట అందుకుంది, మిషను తొక్కుతూ పల్లవి పూర్తిచేసింది. నేను నోరు మూసుకుని, ఫోన్ మీద వేలు తియ్యకుండా కూర్చున్నాను.

పంపిన నిమిషంలో మాస్టారి జవాబు వచ్చింది. "మొదటి గొంతుని భగవంతుడే కాపాడాలి. రెండోది అక్కయ్యదేనా? వచ్చేసిందా?"

"వస్తానంది మాస్టారూ. ఆవిడ పంపులో నీళ్ళే ఇంకా రాలేదు. ఓట్లప్పుడు వచ్చినవాళ్ళు ఏమయ్యారో కనుక్కోవాలి" అని రాశాను.

జరిమానా అని ఎవరూ అనలేదు. "ఖాళీ బిందెల ఫోటో పెట్టండి, అర్జీ నేను రాస్తాను" అన్నారు మాస్టారు. గ్లాసు కింద పెట్టి గుమ్మంలోకి వెళ్ళాను. నా మురుక్కాలవ ఫోటో కన్నా శ్రద్ధగా తీశాను.