కుడివైపుకు మారిన ఎడమకాలి ఆటగాడు

కరోనాకు రెండేళ్ల ముందు, జూన్ మొదట్లో, తమిళనాట సింగానల్లూరులోని ఒక నూలుమిల్లు ఫుట్‌బాల్ జట్టుకు నన్ను కోచ్‌గా వేశారు. లేబర్ ఆఫీసరు మొదటిరోజే షరతు చెప్పాడు. లీగులో సెమీఫైనల్ చేరితే జట్టులోని బదిలీ కార్మికులకు పర్మనెంటు, చేరకపోతే జట్టే ఉండదు. బదిలీ కార్మికుడంటే ఇంకొకరు సెలవు పెట్టిననాడే పని దొరికేవాడు. వెనక వరుస నడుమ ఆడే మా సెంటర్‌బ్యాక్ శివకుమార్ అలాంటివాడు. అతనికి ఎడమపక్కన లెఫ్ట్‌బ్యాక్‌గా ఆడే రంగసామి అతని మేనమామ, స్పిన్నింగు ఖాతాలో, అంటే నూలు వడికే విభాగంలో, మేస్త్రీ.

నేను నాలుగు-నాలుగు-రెండు వ్యూహం ఆడించేవాణ్ణి. వెనక నలుగురూ ఒకే తాడు పట్టుకున్నట్టు కలిసి ముందుకు జరగాలి. ప్రత్యర్థులు బంతి అందించే క్షణానికి వాళ్ల ఆటగాడు ఆ వరుస దాటి ఉంటే ఆఫ్‌సైడ్, ఆట ఆపి బంతి మనకిస్తారు. వాళ్లను పట్టే ఉచ్చు అదే. మనలో ఒక్కడు రెండడుగులు వెనకబడినా ఆ ఉచ్చు తెగుతుంది. ఎప్పుడు జరగాలో సెంటర్‌బ్యాక్ చెప్పాలి.

మా ఉచ్చు ప్రతి ఆటలోనూ తెగింది, ఎప్పుడూ ఎడమవైపే. లేబర్ ఆఫీసరు దక్షిణపు గోల్‌పోస్టుకు దిష్టి గుమ్మడికాయ కట్టించాడు. "కన్నుదిష్టి సార్, లేకుంటే ఒకే పక్క గోలు ఎలా పోతుంది?" అన్నాడు. రెండో సగంలో మనం అవతలి గోలు కాస్తాం, అక్కడా ఎడమవైపే పోతోంది, మరి దిష్టి కూడా హాఫ్‌టైమ్‌లో వైపు మారుతుందా అని అడిగాను.

"మీకు నమ్మకం ఇల్లే, గుమ్మడికాయకు ఉండాది" అని నవ్వాడు.

ఒక్క ఆట మిగిలింది. డ్రా అయితే చాలు. నిద్ర పట్టక, ఫోనులో తీసిన పాత ఆటల వీడియోలను ఆపి ఆపి చూశాను. శివకుమార్ పెదవులు ప్రతిసారీ సకాలంలోనే కదిలాయి. రంగసామి మాత్రం తల తిప్పి అతన్ని చూశాకే కదిలాడు.

మర్నాడు రంగసామి బూట్ల లేసులు కట్టుకుంటుండగా కుడిపక్కన నిలబడి మామూలు గొంతుతో పేరు పిలిచాను. తిరగలేదు. ఎడమపక్కకు వచ్చి అదే గొంతుతో పిలిచాను. వెంటనే "చెప్పండి సార్" అన్నాడు.

శివకుమార్‌ను పక్కకు తీసుకెళ్లి అడిగితే అతని ముఖం పాలిపోయింది. "మామకి కుడి చెవి కేట్కదు, వినపడదు సార్. చిన్నప్పటినుండి ఆ మిషన్ల సత్తంలోనే, ఆ మోతలోనే కదా ఉండేది! తెలిస్తే మేస్త్రీ పని పోతాది. ఎవురికీ చెప్పొద్దండి."

"మరి నువ్వు గట్టిగా అరవొచ్చుగా?"

"మామమీదనా? నలుగురి ముందర? మా అమ్మ ఇంట్లో అన్నం పెట్టదు సార్!"

మర్యాద పేరుతో నోరు నొక్కుకునే ఆచారంమీద నేను ఎన్నో సభల్లో మండిపడ్డాను. కానీ ఆ ఆచారం ఆదివారంలోపు పోదు. అతను అరిస్తే ఎందుకు అరవాల్సి వచ్చిందని నలుగురూ అడుగుతారు. ఒకడి ఉద్యోగం నిలపబోయి ఇంకొకడిది కూలుస్తానేమోనన్న భయం నన్ను వదల్లేదు. చివరకు మామనూ మేనల్లుణ్ణీ కుడివైపుకు మార్చాను. అక్కడ శివకుమార్ రంగసామికి ఎడమపక్కన, వినిపించే చెవివైపు ఉంటాడు. దీనివల్ల నష్టమూ ఉంది. ఎడమకాలివాడు కుడిగీత వెంట బంతి తీసుకెళ్లి గోలు ముందుకు సరిగా కొట్టలేడు. దాడిలో ఒక రెక్క విరిగినట్టే. డ్రా చాలిన ఆటలో దాన్ని భరించవచ్చు.

"ఎడమ కాలోణ్ణి కుడిపక్క పెడితే ఊరు నవ్వదా సార్?" అన్నాడు రంగసామి. నవ్వనీ అన్నాను. అతను మేనల్లుడి వైపు ఒక్కసారి చూశాడు. కుడిగీత దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

ఊరు నవ్వింది. "కోచ్‌కు సోత్తుకై ఏదో పీచాంగై ఏదో తెలీదప్పా!" అని గట్టుమీదినుంచి ఒకడు కేక వేశాడు. అన్నం తినే చెయ్యేదో ఎడమ చెయ్యేదో తెలియదని ఎకసెక్కం. ఆట చివరి నిమిషాలకు చెరొక గోలు. వాళ్ల మిడ్‌ఫీల్డర్ బంతి అందించడానికి తల ఎత్తాడు, వింగర్ రంగసామి పక్కనుంచి దూసుకుపోవడానికి సిద్ధమయ్యాడు. నాకు శివకుమార్ గొంతు వినబడలేదు. తల తిప్పకుండానే రంగసామి రెండడుగులు ముందుకు వేశాడు. బంతి కదిలింది. ఆఫ్‌సైడ్ అని లైన్స్‌మన్ జెండా లేచింది. ఆ డ్రాతో సెమీఫైనల్ చేరాం.

"చూస్తిరా సార్? గుమ్మడికాయ!" అన్నాడు లేబర్ ఆఫీసరు. నా దగ్గర జవాబు ఉంది. అది చెబితే రంగసామి పని పోతుంది. బంతుల సంచి మూతి కట్టాను.

శివకుమార్ పర్మనెంటు అయ్యాడు. రంగసామి మిల్లు మాని కినత్తుకడవులో కొబ్బరితోట చూసుకుంటున్నాడు. చెవికి వినికిడి మిషను పెట్టుకున్నాడు. ఇది రాయమన్నది అతనే.

బోర్డుమీద పెట్టే పదకొండు బిళ్లలకు వయసు, బంధుత్వం, చెవులు ఉండవు. అవన్నీ ఉన్న మనుషులకు వ్యూహం గీయడమే కోచ్ పని అని ఆ జట్టు నేర్పింది. చెవిని పాడుచేసిన ఖాతాయే చెవిటివాణ్ణి పనికిరాడని పంపేస్తుంటే మనుషులు నిజం దాచుకుంటారు. నిజం దాచుకున్నచోట గెలుపు పేరు గుమ్మడికాయకు పోతుంది. ఆ గోల్‌పోస్టుకు ఇప్పటికీ ఏటా కొత్తది కడుతున్నారు.