ఇస్తారికి మేం నేర్పిన జవాబు

ఇస్తారి తాళ్ళ పని తెలిసిన మనిషి. కరీంనగర్ జిల్లాలో ఇరవై ఏళ్ళు తాటిచెట్లెక్కి కల్లు గీశాడు. డెబ్బై అయిదులో మస్కట్ వచ్చి మా కంపెనీలో పరంజాలు కట్టే పనికి కుదిరాడు. ఊరి పక్కన ఖురం పేటలో ఆఫీసు భవనాలు లేస్తున్న రోజులవి. అతను వేసిన ముడి విప్పాలంటే మళ్ళీ అతనే రావాలని సైట్‌లో అందరూ అనేవారు. బక్కపలచని మనిషి, మాట తక్కువ. ఎవరు పిలిచినా ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. అలా నిలబడితే నాకు ఒళ్ళు మండేది. నేను కాకినాడ వాణ్ణి, ఆ సైట్‌లో టైమ్‌కీపర్ని, పేరు సూర్యప్రకాశ్. నా ముందు కూడా అలాగే నిలబడేవాడు.

డెబ్బై ఆరు నవంబరులో ఒక మధ్యాహ్నం మూడో అంతస్తు పరంజా కూలి, బలూచీ మేస్త్రీ షరీఫ్ చనిపోయాడు. ఆ పరంజా కట్టింది ఇస్తారి. కానీ ఆ ఉదయమే, కర్రలు వేరేచోట కావాలంటూ ఫోర్‌మన్ అడ్డకర్రల తాళ్ళు కోయించాడు. ఇస్తారి వద్దని మొత్తుకున్నాడు, వినలేదు. కత్తితో కోసిన ఆ తాళ్ళ కొసలు నేను కళ్ళారా చూశాను. మర్నాడు వెళితే తాళ్ళు లేవు, కర్రలు లేవు. ఆ చోటంతా ఊడ్చి నీళ్ళు చల్లి ఉంది. ఫోర్‌మన్ సెలవు మీద దేశం వెళ్ళిపోయాడన్నారు. నన్నెవరూ సాక్ష్యం అడగలేదు. నేనూ చెబుతానని ముందుకు రాలేదు. నా పాస్‌పోర్టు కూడా కంపెనీ బీరువాలోనే ఉంది మరి.

కేసు ఇస్తారి మీద పడింది. పది రోజుల్లో కోర్టులో ఖాజీ ముందు నిలబడాలి. ఆయన నమ్మితే మళ్ళీ డ్యూటీకి వస్తాడు, నమ్మకపోతే జైలుకి పోతాడు. ఇంటి దగ్గర భార్య కనకవ్వకి ఈ సంగతి రాయవద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

అప్పుడు నా తెలివి బయటపెట్టాను. కాకినాడలో నేను ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తాగా చేశాను. పెద్ద కేసు వస్తే ఆయన సాక్షిని ముందు మా గుమాస్తాల ఎదుట నిలబెట్టి చెప్పించేవారు. మాకు నమ్మకం కుదిరేదాకా చెప్పిన తీరు మార్పించేవారు. ఇక్కడా అదే చేద్దామన్నాను. దార్సైట్ క్యాంపులో ఇస్తారి వాళ్ళుండే రూమ్‌లో పదిమంది మంచాల మీద వరసగా కూర్చున్నారు. నేను తలకి తువ్వాలు చుట్టుకుని ఖాజీనయ్యాను. నమ్మినవాళ్ళు చెయ్యెత్తాలి.

మొదటిసారి ఇస్తారి ఉన్నదున్నట్టు చెప్పాడు. "నేను గట్టిన ముడి ఊడదు సారూ. ఫోర్‌మన్ తాళ్ళు కోపిచ్చిండు. వద్దని జెప్పిన, ఇనలే."

రెండు చేతులే లేచాయి. పొగరుగా ఉందన్నారు. పైవాడి మీద నేరం తోస్తే ఎవరు నమ్ముతారన్నారు. చూసినవాణ్ణి, నేను కూడా ఎత్తలేదు. ఖాజీ వేషంలో ఉన్నాను కదా అని సరిపెట్టుకున్నాను.

అప్పుడు నర్సయ్య లేచాడు. ఆయన ఊళ్ళో ఇస్తారి వాళ్ళ కులపెద్ద, ఎన్నో పంచాయతీలు తీర్చినవాడు. "గట్ల కాదురా. ముందుగాల తప్పు నెత్తినేసుకోవాలె. దండం బెట్టాలె. అప్పుడు పెద్దమనిషి దిల్ కరుగుతది. లేవు బిడ్డా, అసలేమైందో చెప్పుమంటడు. గప్పుడు చెప్పు ఫోర్‌మన్ ముచ్చట."

ఇస్తారి నేలకి వంగి, "తప్పు నాదే, దొరా. నా చేతులతోనే అయింది" అన్నాడు. తల ఎత్తేసరికి కళ్ళలో నీళ్ళు. నేనే, "లేవయ్యా, అసలేం జరిగింది?" అన్నాను. అతను మెల్లగా అంతా చెప్పాడు. పది చేతులూ లేచాయి. నేను తువ్వాలు తీసి పక్కన పెట్టి నా చెయ్యి కూడా ఎత్తాను.

గుమ్మంలో ఖమరుద్దీన్ నిలబడి ఉన్నాడు. హైదరాబాదీ, క్యాంప్ బాస్, కోర్టులో ఇస్తారి మాటని అరబ్బీకి తిప్పి చెప్పేది అతనే. ఎన్నడూ లేనిది మా అందరికీ టీ తెప్పించాడు. "బహుత్ అచ్ఛా. బస్, యహీ బోలో" అన్నాడు, అంతే, ఇదే చెప్పమని. కంపెనీ మనిషికి మా జవాబు అంత నచ్చడమేమిటని అనుకుంటూనే ఆ టీ తాగేశాను.

తర్వాత వారం రోజులూ అదే నేర్పాం. నేను నా వంతు ఇంకో ముక్క కలిపాను. ఎవరైనా నేర్పారా అని అడిగితే లేదనాలి, ఎన్నిసార్లు అడిగినా మాట మార్చకూడదు. అది మా ప్లీడరుగారి దగ్గర నేర్చిన విద్య.

కోర్టు చిన్న గది. ఖాజీ ముసలాయన, నెమ్మదస్తుడు. ఆయన ఏమైందని అడగగానే ఇస్తారి వంగి, తప్పు నాదేనని నేర్పినట్టే చెప్పాడు. ఖమరుద్దీన్ ఒక్క పొల్లు పోకుండా తిప్పాడు. ఖాజీ కలం ఆపి, ఇది నీ ఇష్టంతో చెబుతున్నావా అని అడిగించాడు. అవునన్నాడు. ఎవరైనా నేర్పారా, భయపెట్టారా? లేదన్నాడు. బాగా ఆలోచించుకో, నువ్వు చెప్పింది వెనక్కి తీసుకుంటావా? ఖమరుద్దీన్ దీన్నీ ఉర్దూలో అడిగాడు. నాకు ఉర్దూ బాగా వచ్చు. ఆ ముసలాయన ఇస్తారి బయటపడడానికి తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడని నాకు అర్థమైంది. వెనక బెంచీ మీద నుంచి లేచి, నేను చూశాను, తాళ్ళు కోశారు అని అరిస్తే చాలు. నేను లేవలేదు. పిరికివాణ్ణి, ఇంకో మాట లేదు.

మాట మార్చనన్నాడు ఇస్తారి. ఖాజీ తలదించుకుని రాయడం మొదలుపెట్టాడు. ఇస్తారి చేతులు కట్టుకుని అలాగే వంగి నిలబడ్డాడు. లేవు బిడ్డా అని ఎవరూ అనలేదు. ఖాజీ రాసింది చదివారు. మూడేళ్ళ జైలు అని ఖమరుద్దీన్ నాతో మెల్లగా చెప్పాడు. ఇస్తారితో మాత్రం చెప్పలేదు.

పోలీసు చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే ఇస్తారి నా దగ్గర ఆగాడు. ముఖంలో దిగులేమీ లేదు.

"మంచిగనే చెప్పిన గద సారూ," అన్నాడు. "తతిమ్మ ముచ్చట ఎప్పుడడుగుతరు?"