పెళ్లికి డ్యూటీ బూట్లతో

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు నన్ను సీనియర్ సర్వేయర్‌గా బల్లార్‌పూర్‌కు బదిలీ చేశారు. అప్పటికి బొగ్గు గనుల్లో నా సర్వీసు ముప్పై ఏళ్లు దాటింది. అందులో ఎక్కువ భాగం భూమి కిందే గడిచింది. కొత్త చోట అప్పగించిన పని మాత్రం టేబుల్ మీద చేసేది. చంద్రపూర్ జిల్లాలో ఎప్పుడో మూతపడిన గనుల ప్లాన్లు బయటికి తీయాలి. చిరిగినవాటిని మళ్లీ గీయించాలి. ఫుట్లలో, పాత సర్వే గొలుసుల్లో ఉన్న కొలతలను మీటర్లలోకి మార్చాలి. జాతీయం కాకముందు ప్రైవేటు యజమానులు నడిపిన చిన్న గనులే వాటిలో ఎక్కువ.

గనిలో సర్వేయర్ ఏం చేస్తాడని చాలామంది అడుగుతారు. గని మొత్తానికి బాధ్యుడు మేనేజర్. లోపల ఎక్కడిదాకా తవ్వారు, ఆ చోటుకు సరిగ్గా పైన భూమ్మీద ఏముంది అన్నది చెప్పవలసినవాడు సర్వేయర్. అతను సంతకం పెట్టిన ప్లాన్ తప్పయితే చట్టం ముందు అతనే జవాబు చెప్పుకోవాలి. అందుకే పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడినే ఆ కుర్చీలో కూర్చోబెడతారు.

నాది పాతకాలపు చదువు. మాకు నేర్పిన ఓవర్‌మన్, అంటే గని లోపల పని చూసే పెద్ద, కొత్త జత బూట్లు కొన్న ప్రతిసారీ టేపు పరిచి వంద అంగలు వేయమనేవాడు. ఎంత దూరం వచ్చిందో డైరీలో రాసుకోవాలి. బూటు మారితే అంగ మారుతుంది. యంత్రాలు చేతిలో లేని వేళ అంచనాకు ఆ లెక్క పనికొస్తుంది. బల్లార్‌పూర్‌లో నేను వాడుతున్న బూడిదరంగు బూట్లతో వంద అంగలు డెబ్బై ఆరు మీటర్లు. ఏళ్ల తరబడి గమ్ బూట్లలో తిరిగి నా మడమలు పాడయ్యాయి. మందపాటి మెత్తని అడుగు ఉన్నవే వేసుకోమని డాక్టరు కూడా చెప్పాడు.

ఆ చలికాలం మా ఆఫీసు వాళ్లందరికీ గంగాధర్ సేట్ కూతురి పెళ్లి పిలుపు వచ్చింది. సేట్‌ది మూడు తరాలుగా బల్లార్‌పూర్‌లో బట్టల దుకాణం నడుపుతున్న తెలుగు కుటుంబం. మా యూనిఫాం బట్ట అక్కడే కొనేవాళ్లం. మగపెళ్లివారు నాగ్‌పూర్‌లో పేరున్నవారు. పెళ్లి ఘనంగా ఉంటుందనీ, అధికారులంతా సూట్లలో వస్తారనీ ముందే తెలిసింది. నా భార్య లక్ష్మి చంద్రపూర్ గోల్ బజార్‌కు వెళ్లి నాకు నల్లని తోలు బూట్లు తెచ్చింది. పెళ్లి రోజు ఉదయం వాటిని వేసుకుని ఇంట్లో నాలుగు గదులూ తిరిగాను. మడమ దగ్గర అప్పుడే ఒరుసుకుంది. విప్పి పక్కన పెట్టి, బూడిదరంగు బూట్లు తుడిచి వేసుకున్నాను.

“సూట్ మీద గవేం బూట్లు? నలుగురు ఏమనుకుంటరు?” అంది లక్ష్మి.

నలుగురూ నా మొహం చూస్తారు గానీ కాళ్లు చూడరన్నాను. ఆ మాట తప్పని లాన్ గేటు దగ్గరే తేలింది. మా వైపు పెళ్లిళ్లకు అద్దెకిచ్చే గడ్డి మైదానాన్ని లాన్ అంటారు. ఇది ఊరి శివారున కోఠారి రోడ్డు పక్కన కొత్తగా తెరిచినది. గేటు దగ్గర నిలబడ్డ మా మేనేజర్ దేశ్‌ముఖ్ సాహెబ్ నా బూట్లు చూసి, పెళ్లికొచ్చారా, ఇన్‌స్పెక్షన్‌కొచ్చారా అని మరాఠీలో అడిగారు. పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. నాకు సౌఖ్యంగానే ఉంది. గంటన్నర సేపు నిలబడి పెళ్లి చూశాను. మిగిలిన అధికారులు ఒక్కొక్కరే కుర్చీలు వెతుక్కున్నారు.

పన్నెండున్నరకు భోజనాలు మొదలయ్యాయి. పెళ్లి వేదిక రోడ్డు వైపు ఉంది. భోజనాల పందిరి దానికి వెనుక, లాన్ లోపలి భాగంలో వేశారు. బల్లలు వేసి పంక్తికి రెండు వందల మందిని కూర్చోబెడుతున్నారు. నేను మొదటి పంక్తిలో తిని, చెయ్యి కడుక్కోవడానికి పందిరి వెనక్కి వెళ్లాను.

అక్కడ వరసగా నీళ్ల డ్రమ్ములు ఉన్నాయి. వంటవాళ్లు పొద్దుటి నుంచి గిన్నెలు కడిగిన నీళ్లు కూడా అక్కడే పారబోస్తున్నారు. నేల రోడ్డు వైపు వాలుగా ఉంది. అన్ని నీళ్లకు ఆ వాలు మీదుగా కాలువ కట్టాలి, లేదా మడుగైనా నిలవాలి. రెండూ లేవు. గడ్డి మధ్యలో ఒక చోట నీళ్లు సన్నగా తిరిగి లోపలికి పోతున్నాయి. ఇంకొకరు వచ్చి బకెట్ కుమ్మరించారు. అవీ అలాగే పోయాయి.

కూర్చుని గడ్డి పక్కకు తప్పించి చూశాను. వేలు దూరేంత బీట ఉంది. అది నేరుగా లేదు, వంపు తిరిగి పందిరి కిందికి పోతోంది. పక్కనున్న పందిరి గుంజ ఒకటి కొద్దిగా లోపలికి ఒరిగింది. గుంజ వదులుగా పాతారని ఎవరైనా అనుకుంటారు. నాకు మాత్రం రెండు నెలల క్రితం నేనే దగ్గరుండి గీయించిన, ఇదే కోఠారి రోడ్డు పక్కనున్న ఒక పాత గని ప్లాన్ గుర్తొచ్చింది.

పాత గనుల్లో బొగ్గును గదులు గదులుగా తవ్వి, మధ్యలో బొగ్గు స్తంభాలను కప్పుకు ఆసరాగా వదిలేవారు. మూసేటప్పుడు ఆ ఖాళీల్లో ఇసుక నింపితే పైన నేలకు భయం లేదు. నింపకుండా వదిలేస్తే, గని లోతు తక్కువైతే, కప్పు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా రాలుతుంది. ఖాళీ పైకి పైకి వచ్చి, ఒకనాడు నేల గుండ్రంగా దిగబడుతుంది. ఆ ప్లాన్‌లోని గని లోతు ఇరవై మీటర్ల లోపు. ఇసుక నింపినట్టు ఎక్కడా రాసి లేదు. రోడ్డు వెడల్పు చేసి, ప్రహరీ కట్టి, గడ్డి పెంచాక ఆ చోటును నేను పోల్చుకోలేకపోయాను.

ప్లాన్‌లో ఒకే ఒక్క గుర్తు ఉంది, రోడ్డు మీది రాతి కల్వర్టు. దాన్నుంచి నేరుగా ఉత్తరానికి నూట తొంభై మీటర్ల దగ్గర తవ్వకాలు మొదలవుతాయి. నా అంగల్లో అది రెండు వందల యాభై.

ఎవరికీ చెప్పకుండా రోడ్డు మీదికి వెళ్లాను. కల్వర్టు ఇంకా ఉంది. ఫోన్‌లో దిక్సూచి తెరిచి ఉత్తరం చూసుకుని నడక మొదలుపెట్టాను. వేదిక వెనుక అంచు రెండు వందల పదిహేనో అంగ దగ్గర వచ్చింది. భోజనాల పందిరి మొదటి గుంజ రెండు వందల అరవై రెండు. తిరిగి కల్వర్టు దాకా లెక్కపెట్టుకుంటూ వచ్చాను, రెండు వందల అరవై ఒకటి. ఒక అంగ తేడా లెక్కలోది కాదు. వేదిక గనికి బయట ఉంది. పందిరి మొత్తం గని మీద ఉంది. ఆ సమయానికి మూడో పంక్తి కూర్చుంటోంది. తోలు బూట్లతో వచ్చి ఉంటే ఈ లెక్క నాకు ఉండేది కాదు, మడమ ఒరుసుకుని కుంటుతూ వేసే అంగలకు అర్థమూ ఉండేది కాదు.

పద్ధతి ప్రకారం మొదట మేనేజర్‌కు చెప్పాలి. దేశ్‌ముఖ్ సాహెబ్‌ను పక్కకు పిలిచి, నీళ్లు ఇంకుతున్న చోటు చూపించి, లెక్క చెప్పాను. ఆయన నవ్వలేదు. చేతిలో ప్లాన్ లేదు, యంత్రం లేదు, ఇది మన గని కూడా కాదు, తప్పయితే ఊళ్లో తల ఎత్తుకోలేం అన్నారు. తప్పు కావచ్చు అని ఒప్పుకున్నాను. కానీ తప్పయితే ఒక పూట భోజనం పాడవుతుంది, ఒప్పయితే ఏమవుతుందో ఇద్దరం చూసినవాళ్లమే అన్నాను. ఆయన బీట వైపు మళ్లీ చూసి, పదండి, నేనూ వస్తాను అన్నారు.

గంగాధర్ సేట్ విన్నంతసేపు మా మొహాల వైపు మార్చి మార్చి చూశాడు.

“గిప్పుడా సార్? పంక్తిల జనం ఉన్నరు. మగపెళ్లోళ్లు కూసున్నరు. నేనెట్ల లేపాలె?”

వరుడి మేనమామ మధ్యలో వచ్చాడు. నాగ్‌పూర్‌లో కట్టడాల కాంట్రాక్టరు. కొత్త పచ్చిక నీళ్లు తాగుతుందనీ, గడ్డి ఎండితే బీటలు వస్తాయనీ చెప్పాడు. తర్వాత నన్ను పైనుంచి కిందిదాకా చూసి, పెళ్లికి సరైన బూట్లు వేసుకురావడం తెలియని మనిషి మాట మీద విస్తళ్ల ముందు నుంచి చుట్టాలను లేపుతారా అని సేట్‌ను అడిగాడు. నాకు కోపం రాలేదు. అలాంటి సందేహాలు గనిలో రోజూ వినేవాణ్ణి. బూట్ల సంగతి వదిలేసి, నాకు తెలిసినవీ తెలియనివీ విడివిడిగా చెప్పాను. ఈ పందిరి కింద ఖాళీ ఉందన్నది తెలుసు. అది ఎప్పుడు దిగుతుందో తెలియదు. సరిగ్గా ఎక్కడ దిగుతుందో కూడా తెలియదు. ఈ రోజు దిగకపోవచ్చు.

సేట్ తల్లి నర్సమ్మ కుర్చీలో కూర్చుని ఇదంతా వింటోంది. ఎనభై దాటిన మనిషి. నన్ను దగ్గరికి పిలిచింది.

“బిడ్డా, నీ పిల్లలను ఆడ కూసోబెడ్తవా?”

“కూసోబెట్టనమ్మా” అన్నాను.

“అయితే లేపుండ్రి. బువ్వ మళ్ల వడ్డిద్దాం.”

ఆమె కొడుకు వైపు చూడలేదు, మేనమామ వైపూ చూడలేదు. సేట్ పందిరి వైపు నడిచాడు.

ఖాళీ చేయించడం ఒక పద్ధతిగా జరగాలి. గనిలో ప్రమాదం అనిపించినప్పుడు మొదట నిప్పు, తర్వాత జనం, చివర సామాను. వంటవాళ్లతో పొయ్యిలు ఆర్పించి, సిలిండర్లు రోడ్డు వైపుకు మోయించాను. మైకులో ప్రమాదం అనే మాట రానివ్వలేదు. నీళ్లు చేరుతున్నాయి, మిగతా భోజనం వేదిక పక్కన వడ్డిస్తారు అని చెప్పించాం. బీటకు దగ్గరగా ఉన్న వరసలను ముందు లేపాం. ఒకేసారి అందరూ లేచి ఒక చోట గుమిగూడకుండా వరస తర్వాత వరసను రెండు వైపుల నుంచి పంపాం. దేశ్‌ముఖ్ సాహెబ్ ఒక దారి దగ్గర, నేను ఇంకో దారి దగ్గర నిలబడ్డాం. విస్తరి ముందు నుంచి లేవాల్సి వచ్చినవాళ్లు నన్ను తిడుతూనే వెళ్లారు. ఒక ముసలాయన లడ్డూ చేతిలో పట్టుకుని, ఏంది సార్ గిట్ల చేస్తిరి అన్నాడు. క్షమించమన్నాను.

ఇరవై నిమిషాల్లో పందిరి ఖాళీ అయింది. తర్వాత అలంకరణకు తెచ్చిన తాళ్లు తీసుకుని, బీటకు ఇరవై అంగల దూరంలో చుట్టూ కుర్చీలు నిలబెట్టి కట్టాను. సాయంత్రం నాలుగున్నర దాకా ఆ హద్దు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. పిల్లలు తాడు కింద నుంచి దూరబోయారు. పందిరివాడు బల్లలు తీసుకుపోతానని మూడుసార్లు వచ్చాడు. ఒక్క కుర్చీ కూడా తియ్యొద్దన్నాను. దేశ్‌ముఖ్ సాహెబ్ పోలీస్ స్టేషన్‌కూ, గనుల భద్రతా శాఖకూ ఫోన్ చేసి కబురు చెప్పారు. ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చాక వాళ్లకు హద్దు అప్పగించి కదిలాను.

అప్పటిదాకా ఏమీ జరగలేదు. మగపెళ్లివారి బస్సులు బయల్దేరుతుంటే మేనమామ నా వైపు చూసి చెయ్యి ఊపాడు, వెటకారంగానే. మర్నాడు ఆఫీసులో నా పేరు ఎలా వినిపిస్తుందో ఊహించుకున్నాను. అయినా చేసింది తప్పనిపించలేదు.

తెల్లవారి ఆరున్నరకు స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. నేల దిగింది. ప్లాన్ తీసుకుని వెళ్లాను. గొయ్యి ఒక మాదిరి గది అంత ఉంది, రెండు నిలువుల లోతు. పందిరి గుంజలు మూడు, బల్లలు ఏడో ఎనిమిదో అందులో పడి ఉన్నాయి. మనుషులెవరూ లేరు. ఇంతకీ అది నేను అనుమానించిన చోట పడలేదు. నీళ్లు ఇంకిన చోటుకు పన్నెండు అంగల అవతల, మగపెళ్లివారి పంక్తి వేసిన చోట పడింది. నా తాడు ఇంకొంచెం దగ్గరగా కట్టి ఉంటే హద్దు బయట పడేది.

అదే రోజు యంత్రంతో సరిగ్గా కొలిచాం. కల్వర్టు నుంచి పందిరి మొదటి గుంజకు నూట తొంభై ఎనిమిది మీటర్ల నలభై సెంటీమీటర్లు వచ్చింది. నా అంగల లెక్క నూట తొంభై తొమ్మిది. తర్వాత డ్రిల్లింగ్ చేయించి, ఖాళీలు ఎక్కడున్నాయో చూసి, ఇసుక, నీళ్లు కలిపి పంపించి నింపారు. లాన్ యజమాని వెనుక సగం మూసేశాడు. గంగాధర్ సేట్ ఆఫీసుకు వచ్చి మేనేజర్ గదిలో కూర్చుని, టీ తాగి వెళ్లాడు. నర్సమ్మ మాత్రం ఒక పూట నన్నూ లక్ష్మినీ భోజనానికి పిలిచి, దగ్గర కూర్చుని తినిపించింది. మేనమామ నుంచి ఏ కబురూ రాలేదు. నేను ఎదురుచూడనూ లేదు.

ఆ ఘటన మీద నేను రాసిన రిపోర్టులో రెండు సంగతులు ఉన్నాయి. మూసేసిన గనుల మీద జనం గుమిగూడే స్థలాలకు అనుమతి ఇచ్చేముందు సర్వేయర్ చేత పాత ప్లాన్ పరిశీలన చేయించాలన్నది మొదటిది. కొన్నాళ్లకు మా తాలూకాలో అది అమలైంది. అంగల లెక్క ఖాళీ చేయించడానికి చాలుతుంది గానీ హద్దు కట్టడానికి చాలదు, కాబట్టి హద్దును ఎప్పుడూ అవసరమనుకున్న దానికి రెట్టింపు దూరంలో కట్టాలన్నది రెండోది. నేను ఇరవై అంగలు తీసుకున్నది లెక్క చూసి కాదు, అనుమానంతో. అది సరిపోయింది. సరిపోయిందని తర్వాతే తెలిసింది.

రిపోర్టులో రాయనిది ఒకటి, నా తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన సర్వేయర్‌కు నోటితో చెప్పాను. పెళ్లికైనా, సన్మానానికైనా, గంటల తరబడి నిలబడగలిగే, లెక్క తెలిసిన బూట్లే వేసుకుని వెళ్లమన్నాను. అవి చూసి నవ్వేవాళ్లుంటారు, నవ్వనివ్వమన్నాను.