మామిడికాయలకు పోయిన చెల్లెలు

మొగుడి ఇంటినుంచి వచ్చేసి రెండేళ్లయినా, తలస్నానం చెయ్యాలంటే చెల్లెల్ని అడిగేదాన్ని. "పోసుకోక్కా, నన్నడిగేదేముండాది?" అని నవ్వేది. మొగుడి ఇంట్లో పదకొండేళ్లు గడప దాటాలంటే చెప్పాలి, చేరాక ఫోటో పంపాలి, పక్కన ఎవరున్నారో చూపించాలి. ఆయన ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. అందుకే ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

నేను వచ్చి చేరింది ఊరిగాంలో చెల్లెలి దగ్గరే; బంగారు గనుల కంపెనీ కట్టించిన పాత ఇల్లు దానిది. బస్సు దొరకలేదు, ఆలస్యమవుతుందని అది ఫోన్ చేస్తే దాని మొగుడు "సరే, అన్నం నేను వండుతాలే" అనేవాడు. విన్నప్పుడల్లా నా కడుపు మండిపోయేది. దాచుకోవడమెందుకు, తోడబుట్టినదాని సుఖం చూసి ఓర్వలేకపోయాను. ఇద్దరం ఒకే తల్లి కడుపున పుట్టాం. దానికి మాత్రం అలాంటివాడు ఎలా దొరికాడు?

పోయిన మామిడికాయల కాలంలో, ఏటా చేసినట్టే చెల్లెలూ, మా ఇళ్ల వరసలోని ఆడవాళ్లంతా టెంపో మాట్లాడుకుని, ఊరగాయకు కాయలు తేవడానికి శ్రీనివాసపురం మండీకి బయలుదేరారు. నన్నూ రమ్మన్నారు. ఎవరినడిగి పోవాలో తెలియక ఉండిపోయాను. మధ్యాహ్నానికి రావలసినవాళ్లు నాలుగైనా రాలేదు. నేను చేసిన ఫోన్లు చెల్లెలు ఎత్తలేదు. దాని మొగుడేమో అరుగు మీద కూర్చుని తీరిగ్గా పేపరు చదువుకుంటున్నాడు. నేను వాకిలికీ వంటింటికీ తిరుగుతూ కుతకుతలాడిపోయాను.

అయిదు దాటాక కాయల సంచి మోసుకుంటూ నవ్వుతూ వచ్చింది. చెప్పులు కూడా విడవనివ్వలేదు నేను.

"యాడికి పోయినావు? ఎవరెవరుండారు? ఫోనెందుకు ఎత్తలేదు? ఫోటో చూపించు."

అడిగేశాక నా గొంతు నాకు వినిపించింది. పదకొండేళ్లు ఆయన నన్నడిగిన ప్రశ్నలే, అదే వరసలో, అలాగే నెమ్మదిగా.

చెల్లెలి ముఖం పాలిపోయింది. సంచి దించి గబగబా ఫోను తీసింది.

"మండీలోనే ఉండినామక్కా. టెంపో టైరు పంచరయిపోయింది. ఆ గలాటాలో ఫోను వినపడలేదు. ఇదో చూడు, అంతా ఆడోళ్లే..."

తడబడుతూ ఒక్కొక్క ఫోటో జరిపి చూపిస్తోంది. దాని భయం చూసి నా కడుపు చల్లబడింది. ఆయనకు అన్నేళ్లూ దొరికిన సుఖమేమిటో అప్పుడు తెలిసింది నాకు.

దాని చేతిలోని ఫోను మీద నా చెయ్యి అడ్డం పెట్టాను.

"చూపించొద్దమ్మా. నేనడిగినా చూపించొద్దు."