యాదమ్మక్క వాకిట్లో ఇంగ్లీషు రచయిత్రి

మహబూబాబాద్ నుంచి జనగామ వచ్చే బస్సులో కూర్చున్నాను. దారి పక్క ఎక్కడో మిర్చి ఎండబోసినట్టున్నారు, కిటికీలోంచి ఘాటు కొట్టింది. చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంటే ఒక నవ్వు వినిపించింది. దగ్గులా మొదలై, చివరికి సన్నటి ఈలలా తేలిపోయే నవ్వు. పక్క సీట్లో కాలేజీ అమ్మాయి ఫోనులోంచి వస్తోంది. అది యాదమ్మక్క నవ్వు. ఆమె పోయి రెండేళ్లయింది. ఆ అమ్మాయి వేలితో తెరను పైకి తోసింది. నవ్వు ఆగిపోయి, దాని వెనకే పొడవాటి గౌన్లు తొడుక్కున్న ఆడవాళ్లు, టీ కప్పులు, గుర్రపు బండి వచ్చాయి. రెండు వందల ఏళ్ల కిందట ఒక ఇంగ్లీషు రచయిత్రి రాసిన నవలను మళ్లీ సీరియల్‌గా తీశారు, అందులోని ముక్క. దాని కింద ఎవరో తెలుగులో "మా అత్త కూడా సేమ్" అని రాశారు. ఫోనులో వీడియోల వరస ఏదో అలా కుదిరింది, అంతే. కానీ యాదమ్మక్కనూ ఆ రచయిత్రినీ నేనొకసారి ఒకే గదిలో కూర్చోబెట్టాను.

యాదమ్మక్క మా ఊళ్లో, లింగాల ఘనపూర్ దగ్గర, పల్లెటూరి హాస్యం వీడియోలు తీసే బృందానికి పెద్ద. కూలి పనులు చేసి చేసి, యాభై ఏళ్లు వచ్చాక కెమెరా ముందుకొచ్చిన మనిషి. తల్లి, అత్త, పంచాయితీ పెట్టే పక్కింటావిడ వేషాలన్నీ ఆమెవే. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న నన్ను ఎడిటింగ్ పనికి పెట్టుకుంది. నోరు విప్పక్కర్లేని పని కాబట్టి నేనూ ఒప్పుకున్నాను. అప్పట్లో నా మాటలన్నీ డైరీలోనే ఉండేవి.

ఒక మధ్యాహ్నం పని మధ్యలో ఆ రచయిత్రి సీరియల్ ఒకటి పెట్టుకుని చూస్తున్నాను. డోర్నకల్‌లో హాస్టల్లో ఉండి చదివే రోజుల్లో ఆమె నవలలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. యాదమ్మక్క వచ్చి నా వెనక నిలబడింది.

"ఏంది బిడ్డా, నీలో నువ్వే నవ్వుకుంటున్నవ్?"

ఇయర్‌ఫోన్లు తీసేశాను. ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా ముక్కాలి పీట లాక్కుని కూర్చుని, తెర మీద గొడుగు పట్టుకున్న పెద్దావిడను కాసేపు చూసింది.

"గీమె సంబంధం చెడగొట్టనీకె వచ్చింది గదా?"

"నీకెట్ల తెలిసిందక్కా?"

"కూసున్నంక గా ఇల్లంత ఎట్ల చూస్తుందో చూడు. గిసొంటామె మనూర్ల నలుగురున్నరు." నవ్వి, మళ్లీ అడిగింది. "రాసినామె, గీళ్ల మీద రాసి గీళ్లకు చదివి ఇనిపించిందా?"

ఆ ప్రశ్న ఏ పుస్తకం చదివినప్పుడూ నాకు రాలేదు. తెలియదన్నాను. ఆ రచయిత్రి అందరి మధ్య కూర్చుని రాసేదనీ, ఎవరైనా వస్తే కాగితాలు దాచేదనీ చెబుతారని, పుస్తకాల మీద పేరు కూడా వేసుకోలేదని చెప్పాను. చెబుతూ చెబుతూ, డైరీ మీద అప్రయత్నంగా చెయ్యి పెట్టాను. యాదమ్మక్క నా చెయ్యి చూసింది.

ఆమె అలా అడగడానికి కారణముంది. మా బృందంలో ఆమె పెట్టిన పద్ధతి ఒకటుండేది. ఎవరిని చూసి కథ అల్లామో, ముందు వాళ్ల వాకిట్లో అది చదవాలి. వాళ్లు నవ్వితేనే కెమెరా బయటికి తీయాలి. ఒకసారి మేకలతో ముచ్చట్లు పెట్టే ఒంటరి ముసలవ్వ మీద రాశారు. అవ్వ అంతా విని, "నేను గట్లనె మాట్లాడతనా బిడ్డా?" అని మేకల వైపు తిరిగింది. యాదమ్మక్క కాగితాలు మడిచేసింది. కెమెరా పట్టే రవి దారంతా గొణిగాడు.

"అక్కా, మస్తు వ్యూస్ వస్తుండె."

"వ్యూస్ ఎల్లుండికి పోతయ్‌రా. అవ్వ మొఖం నేను దినాం చూడాలె."

గొడుగు పెద్దావిడను చూసిన వారం తర్వాత ఆమె నా దగ్గరికొచ్చి, "నువ్వొకటి రాయి" అంది. మా పెద్దమ్మ మీద రాశాను. పెద్దమ్మ భూపాలపల్లిలో కూతురు దగ్గర ఉంటుంది. అల్లుడిది బొగ్గుబాయిలో ఉద్యోగం. వాన పడలేదని ఎవరైనా అంటే, "మా అల్లుని క్వార్టర్ల నల్లా నీళ్లు బందే గావు" అంటుంది. ఎవరైనా పోయారని పలకరించడానికి వెళ్లినచోట కూడా, "మా అల్లునికైతె దవాఖాన పుక్కటికే, పైస ఖర్చు లేదు" అనగలదు. రాసేటప్పుడు నవ్వొచ్చింది. యాదమ్మక్క పద్ధతి గుర్తొచ్చాక భయం పట్టుకుంది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి పెద్దమ్మ. ముఖం మాడ్చుకుంటే ఇక ఆ ఇంటి గడప ఎలా తొక్కుతాను?

"నువ్వు చదువక్కా. నా పేరు చెప్పకు," అని బతిమాలాను.

"రాసినోళ్లే చదవాలె. నేను పక్కన కూసుంట."

భూపాలపల్లి క్వార్టర్ వరండాలో పెద్దమ్మ చిక్కుడుకాయలకు ఈనె తీస్తోంది. నా గొంతు నాకే వినబడలేదు. సగం వచ్చేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి. నవ్వలేదు. నల్లా మాట దగ్గర తలెత్తి నన్ను చూసింది. కాగితం మడిచేద్దామనుకున్నాను. యాదమ్మక్క నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. చివరిదాకా చదివాను.

పెద్దమ్మ చిక్కుడుకాయల చాట పక్కన పెట్టింది.

"గిదంత నేనే గదా?"

తలూపాను.

"మరి ఏసీ సంగతి ఏది? ఏసీ ఇడిసిపెట్టి నల్లా రాస్తరా ఎవరన్న?" అని, యాదమ్మక్క వైపు తిరిగింది. "నా ఏషం నువ్వు గడతవా? గట్లయితె మంచి చీర కట్టుకో. నేను గిసొంటియి కట్ట."

అప్పుడు నవ్వింది యాదమ్మక్క, ఆ ఈల నవ్వు. పెద్దమ్మ కాసేపు బిగబట్టి తనూ నవ్వింది.

వీడియో పెట్టే రోజు రచయిత పేరు దగ్గర నేను ఖాళీ వదిలాను. యాదమ్మక్క చూసింది.

"గా ఇంగ్లీషామె పేరు పెట్టుకోలేదంటె రెండొందల ఏండ్ల కిందటి ముచ్చట. నీకేమైంది?"

ఆమె కళ్ల ముందే నా పేరు టైపు చేశాను. అక్షరాలు చిన్నగా పెడితే పెద్దవి చేయించింది.

ఆ తర్వాత ఆమె గొంతుకు జబ్బు చేసింది. చివరి నెలల్లో మాట రాక, వినడం మాత్రమే చేసేది. నేను రాసింది చదువుతుంటే, నచ్చని చోట చేత్తో మంచం పట్టె మీద కొట్టేది. ఇప్పుడు నా కథలు ఇంకో రెండు చానళ్లకు వెళ్తున్నాయి. ఎవరి మీద ఏం రాసినా, వాళ్ల వాకిట్లో నిలబడి చదవగలనా అని ముందు చూసుకుంటాను. చదవలేననిపించిన వాక్యం కొట్టేస్తాను. బస్సులో ఆ అమ్మాయి సీరియల్ చూసి నవ్వుతుంటే, ఆ రచయిత్రి ఇంత కాలం ఎలా నిలిచిందో కొంత అర్థమైనట్టనిపించింది. ఎవరింటి అత్తనో చూసి రాసి ఉంటుంది. ఆ ముక్క కింద తెలుగులో ఇంకెవరో తమ అత్తను గుర్తుపడుతున్నారు.

ఈ కథ యాదమ్మక్క గురించి రాసింది కాబట్టి, నిన్న వాళ్లింటికి వెళ్లాను. ఆమె భర్త మల్లయ్య బాపు వాకిట్లో మంచం వాల్చాడు. చదువుతూ చివరిదాకా వచ్చాక ఆయన నవ్వాడో లేదో చూడటానికి తలెత్తాను.

"మంచిగనె ఉన్నది బిడ్డా. గని గింత మెల్లగ చదివితె ఆమెకెట్ల ఇనపడతది?"

మొదటి నుంచి మళ్లీ చదివాను, గట్టిగా.